చెయ్యి దూరని బోల్టు: డెల్టా బళ్ల మీద ఒక సమీక్ష

ఇంటి దగ్గర బండి పని మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లను అడిగితే చాలామంది ఒకే సంగతి చెబుతారు. ఆయిల్ మార్చడం తెలుసు, ప్లగ్ తుడవడం తెలుసు, చైను బిగువు చూసుకోవడం తెలుసు. ఒక్క బోల్టు దగ్గర పని ఆగిపోయింది. అది కంటికి కనిపిస్తోంది, స్పానర్ అందదు. స్పానర్ అందితే తిప్పడానికి చోటుండదు. ఎలాగో తిప్పితే తల అరిగిపోయింది. సాయంత్రానికి బండిని నెట్టుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆ తర్వాత స్పానర్ల పెట్టె అటకెక్కింది.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తన బండిని తానే చూసుకోవాలనుకోవడం మంచి కోరిక. దాన్ని ఒక 10 నంబరు నట్టు చంపేయకూడదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య తిరిగే బళ్లను ముందు పెట్టుకుని, అందని బోల్టు గురించి మెకానిక్కులు చేసేదేమిటి, కంపెనీ పుస్తకాలు చెప్పేదేమిటి, పనిముట్ల దుకాణంలో అమ్మేదేమిటి, వాటిలో మన నేలకు పనికొచ్చేదెంత అన్నది ఒక చోట పెట్టి చూద్దాం.

ఈ మూడు ఊళ్లనే తీసుకోవడానికి కారణముంది. తెనాలి కాలువల ఊరు, చుట్టూ మాగాణి. దమ్ములప్పుడు, నాట్లప్పుడు చక్రం విసిరిన నల్లమట్టి ఇంజను కింద పేరుకుని, వేడికి ఎండి, బోల్టు తలల ఆకారమే తెలియనంతగా గట్టిపడుతుంది. బాపట్లకు సూర్యలంక సముద్రం సుమారు 9 కిలోమీటర్లు. అక్కడ బండి తడవకపోయినా ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది. రేపల్లె నుంచి నిజాంపట్నం దాకా రొయ్యల చెరువులు. మేత బస్తాలు మోసే బళ్లు రోజూ ఆ గట్ల మీదే తిరుగుతాయి, వాటి మీద పడేది ఉప్పునీటి తుంపర. ఇంటికొచ్చి కడిగేది బోరు నీటితో. తీరం దగ్గర చాలా చోట్ల ఆ బోరు నీళ్లే ఉప్పన. అంటే బండిని శుభ్రం చేస్తున్నామనుకుంటూ దానికి మరో పూత ఉప్పు పూస్తున్నాం.

దీనికి తోడు ముంపులు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల్లోని లంక గ్రామాలు మునిగాయి. నీట మునిగిన బండికి ఇంజనాయిలు, పెట్రోలు, బ్యాటరీ చూసి స్టార్ట్ చేసుకుంటారు. బోల్టు రంధ్రాల్లోకి, గొట్టాల్లోకి దిగిన నీటిని ఎవరూ తలుచుకోరు. ఆ నీళ్లు చేసిన పని ఏడాది, రెండేళ్ల తర్వాత బయటపడుతుంది.

అందువల్ల మన దగ్గర కష్టమైన బోల్టు అంటే రెండు కష్టాలు కలిసి ఉన్నట్టు. మొదటిది చోటు లేకపోవడం. రెండోది తుప్పు పట్టేయడం. ఒక్కోదానికి ఒక్కో మందు ఉంది. చిక్కేమిటంటే, మొదటిదానికి వాడే పనిముట్టు రెండోదానికి హాని చేస్తుంది. ఇది చాలా పుస్తకాల్లో ఉండదు, ఎందుకంటే అవి పొడి గరాజుల్లో కూర్చుని రాసినవి.

ముందు చోటు సంగతి. బోల్టు ఎందుకు అందదు? కంపెనీవాళ్లు కావాలని దాచారనే కోపం నిజానికి అర్థరహితం. ఫ్యాక్టరీలో ఇంజనును విడిగా, నలువైపులా ఖాళీ ఉన్న చోట బిగిస్తారు. తర్వాత ఫ్రేములోకి ఎక్కిస్తారు. ఆ తర్వాత కార్బొరేటరు, సైలెన్సరు, వైర్లు, ట్యాంకు, సైడ్ డూములు. మీ చేతికి అందని ఆ బోల్టును బిగించిన రోజున దానికి అడ్డం ఏదీ లేదు. ఇంటి దగ్గర మనం చివరి వరస నుంచి లోపలికి వెళ్లాలనుకుంటాం, మధ్యలో వరసలు తీయకుండా. అక్కడే వేళ్లు గీసుకుపోతాయి.

మన ప్రాంతంలో ఎక్కువ కనిపించే 100 సీసీ బండి చరిత్ర చూస్తే చోటు ఎలా తరిగిందో తెలుస్తుంది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, వీటి 97.2 సీసీ ఇంజను ముందుకు పడుకుని ఉంటుంది. దాని మూలం 1958 నాటి హోండా సూపర్ కబ్ తరహా అమరిక. ఇంజను చుట్టూ ఖాళీ ఎక్కువ, ప్లగ్ నేరుగా ఎదురుగా. అంత సులువైన బండిలోనూ రెండు చోట్లు ఇబ్బంది పెడతాయి. ఒకటి కింది ట్యాపెట్ మూత, అది నేలవైపు చూస్తూ సైలెన్సర్ బెండు పక్కన ఉంటుంది. రెండు, సైలెన్సర్ బెండును హెడ్‌కు పట్టి ఉంచే రెండు నట్లు. ముందు చక్రం విసిరే బురదంతా నేరుగా వచ్చి తగిలేది ఆ రెండింటికే. డెల్టాలో ఆ మూత, ఆ నట్లు ఏ రంగులో ఉంటాయో అక్కడ బండి ఉన్న ప్రతివారికీ తెలుసు.

2001లో యాక్టివా వచ్చాక ఇంజను మొత్తం బాడీ చాటుకు వెళ్లింది. 2003లో పల్సర్‌కు రెండు ప్లగ్‌లు వచ్చాయి, 2012లో పల్సర్ 200 ఎన్ఎస్‌కు మూడు. తర్వాత బ్రేకుల నిబంధనలతో ఏబీఎస్, సీబీఎస్ గొట్టాలు, తీగలు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఇంజెక్టరు, సైలెన్సర్ మీద ఆక్సిజన్ సెన్సరు. ఒక్కొక్కటీ అవసరమైనదే, గాలికీ ప్రాణానికీ మంచిదే. కానీ ఒక్కొక్కటీ మునుపు చెయ్యి దూరిన చోటునే ఆక్రమించింది.

కాబట్టి చోటు సమస్యకు మొదటి జవాబు పనిముట్టు కాదు, అడ్డం తీయడం. యాక్టివా కార్బొరేటరు పక్కనుంచి వేలు దూర్చి గంట కుస్తీ పట్టేకంటే సీటు, దాని కింద డబ్బా తీసేస్తే పని పైనుంచి కనిపిస్తుంది. బైకు మీద ట్యాంకు తీయడానికి చాలామంది జంకుతారు, పెట్రోలు ఉంటుందని. ట్యాపు మూసి, పైపు ఊడదీసి, వెనక బోల్టు తీసి వెనక్కి లాగితే చాలా పాత బళ్లలో ట్యాంకు చేతిలోకి వస్తుంది. ఇంజెక్షను బళ్లలో మాత్రం పెట్రోలు పైపులో ఒత్తిడి ఉంటుంది, దాని పద్ధతి తెలియకుండా ముట్టకూడదు. గేరు రాడ్డు, ఫుట్ రెస్టు, చైను కవరు లాంటివి తీయడం కాలయాపన అనిపిస్తుంది కానీ, ఆ అడ్డాలు తీసేసరికి ‘అందని’ బోల్టుల్లో చాలా భాగం మామూలు బోల్టులైపోతాయి. తీసిన వరసలో సామాను నేల మీద ఒక గుడ్డ మీద పేర్చుకుని, ప్రతి దశకూ ఫోనుతో ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు. కంటికి అందని వైపు బోల్టు ఎలా ఉందో చూడడానికీ ఫోనే మంచి అద్దం. లైటు వేసి, వెనక్కి దూర్చి, వీడియో తీసి చూడవచ్చు.

కిందివైపు బోల్టు కోసం బండిని పక్కకు పడుకోబెట్టే అలవాటు కొందరికి ఉంది. అది నాకు నచ్చదు. పెట్రోలు కారుతుంది, ఇంజనాయిలు గాలి ఫిల్టరులోకి పాకుతుంది, మామూలు బ్యాటరీ అయితే యాసిడ్ ఒలుకుతుంది. సెంటర్ స్టాండు కింద మందపాటి చెక్క పెట్టి బండిని ఎత్తుగా, నిలకడగా నిలబెట్టడం చాలు.

అడ్డం తీశాక కూడా ఇరుకు మిగిలితే అప్పుడు స్పానర్ల లెక్క. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే చేతిలో ఉన్న పనిముట్టు ఎలా పనిచేస్తుందో తెలిస్తే కొనాల్సినవాటిలో సగం కొననక్కర్లేదు. మామూలు డబుల్ ఎండ్ స్పానర్‌ను బల్ల మీద పెట్టి చూడండి. దాని నోరు కాడకు తిన్నగా ఉండదు, 15 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటుంది. ఆరు పలకల తలను తిన్నని నోటితో తిప్పితే, మళ్లీ పట్టు దొరకడానికి కాడ 60 డిగ్రీలు జరగాలి. ఇరుకులో అంత చోటెక్కడిది? వంపు నోటితో ఒకసారి తిప్పి, స్పానర్‌ను బోర్లించి మళ్లీ పెడితే 30 డిగ్రీల చోటుతోనే పని నడుస్తుంది. ఒకసారి వెల్లకిలా, ఒకసారి బోర్లా. ఈ ఒక్క కిటుకు తెలియక కొత్త సెట్లు కొన్నవాళ్లున్నారు.

రింగ్ స్పానర్ లోపల 12 మూలలుంటే అది ప్రతి 30 డిగ్రీలకూ మళ్లీ కూర్చుంటుంది. 6 మూలలదైతే 60 కావాలి. 72 పళ్ల రాచెట్ అయితే 5 డిగ్రీల కదలిక చాలు. ఈ లెక్క చూసి ఇరుకు చోటుకు 12 మూలల రింగు, లేదా రాచెట్ మీద 12 మూలల సాకెట్టు మంచిదని అందరూ చెబుతారు. పొడి ఊళ్లో అది సరైన సలహా. మన దగ్గర కాదు. 12 మూలల రింగు బోల్టు తలను మూలల దగ్గరే పట్టుకుంటుంది. తుప్పుతో పొరలు ఊడిన తలకు ఆ మూలలే ముందు అరుగుతాయి, ఒక్క జారుతో గుండ్రమైపోతుంది. 6 మూలల సాకెట్టు పలకల మీద ఆనుతుంది, మూలలను కాపాడుతుంది, కానీ దానికి చోటు ఎక్కువ కావాలి. పైన చెప్పిన చిక్కు ఇదే. కాబట్టి డెల్టాలో వరస మార్చుకోవాలి. తుప్పు ఉన్న బోల్టు మొదటి కదలిక 6 మూలల సాకెట్టుతోనే జరగాలి, ఎంత అడ్డం తీయాల్సి వచ్చినా సరే. అది ఒకసారి వదులయ్యాక మిగతా చుట్లకు ఏ స్పానర్ అయినా పరవాలేదు. ఇంటికి ఒక్క రాచెట్ సెట్టే కొనగలిగితే 6 మూలల సాకెట్లున్నదే కొనమంటాను.

బండికి తగిన సామాను పెద్దది కాదు. జపాన్ మూలం ఉన్న బళ్లలో 8, 10, 12, 14, 17 నంబర్లే ఎక్కువ. వీధి మెకానిక్కుల చేతిలో ఎప్పుడూ కనిపించే 8, 10, 12 టీ స్పానర్లు లోతుగా ఉన్న బోల్టులకు ఇప్పటికీ అన్నిటికంటే చవకైన, నమ్మకమైన సాధనం. వాటితో పాటు చిన్న రాచెట్, రెండు పొడవుల ఎక్స్‌టెన్షన్ రాడ్లు, ఒక యూనివర్సల్ జాయింటు. యూనివర్సల్ జాయింటు మీద ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు. కొంచెం వంపు ఉన్నంత వరకే అది బలాన్ని సరిగా మోస్తుంది. వంపు ఎక్కువైతే తల మీద సాకెట్టు పక్కకు ఒరిగి జారుతుంది. బిగిసిన బోల్టుకు దాన్ని అసలు వాడకూడదు. అలన్ బోల్టులకు గుండు తల ఉన్న కీ పక్కనుంచి ఏటవాలుగా దూరుతుంది కానీ దాని సంగతీ అంతే, వదులైన బోల్టును తీయడానికి మాత్రమే.

తెనాలి, గుంటూరు మెకానిక్ షెడ్లలో ఇంకో సంప్రదాయం ఉంది, దానికి నేను నమస్కారం పెడతాను. పాత బాక్స్ స్పానర్‌ను పొట్టిగా కోసి, పక్కకు కాడ అతికించి, ఒకే ఒక్క బండిలో ఒకే ఒక్క బోల్టు కోసం తయారు చేసుకున్న పనిముట్లు. రింగ్ స్పానర్ మెడను వేడి చేసి వంచినవి, గ్రైండరు మీద గోడలు పలచన చేసినవి. ఏ కంపెనీ జాబితాలోనూ అవి ఉండవు. ఇంట్లో పాత స్పానర్ ఉంటే వెల్డింగ్ షాపులో అడిగి ఇలాంటిది చేయించుకోవచ్చు. గోడ పలచనైన స్పానర్ బలం తగ్గుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

విప్పినంత కష్టం తిరిగి పెట్టడంలోనూ ఉంది. కనిపించని రంధ్రంలో నట్టు మొదలుపెట్టడానికి సాకెట్టులో కొంచెం గ్రీజు పూసి నట్టును అంటించవచ్చు. సాకెట్టు వదులైతే చిన్న కాగితం ముక్క మడిచి పెట్టవచ్చు. ఏ బోల్టైనా మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిరగాలి, అందకపోతే ఎక్స్‌టెన్షన్ రాడ్‌ను వేళ్లతో పట్టుకుని. రాచెట్‌తో మొదలుపెట్టిన బోల్టు అడ్డంగా మర కోసుకుంటూ వెళ్తుంది, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ఇక రెండో కష్టం, పట్టేసిన బోల్టు. ఇంజను కవర్లు అల్యూమినియం, బోల్టులు ఉక్కు. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది, అల్యూమినియం తినబడుతుంది. బోల్టు తీసినప్పుడు మరల్లో కనిపించే తెల్లటి పొడి ఆ తినబడిన లోహమే. ఆ పొడికి, ఇనుప తుప్పుకు అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి. ఆ చోటు మరల సందుల్లో లేదు కాబట్టి బోల్టును నలువైపులా అదుముతాయి. సూర్యలంక గాలి తగిలే బండిలో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత స్క్రూలు, ఇంజను కవరు కింది బోల్టులు రాకపోవడానికి కారణం ఇది. ఆ మూత స్క్రూల్లో ఇంకో సంగతి ఉంది. జపాన్ బళ్ల ప్లస్ స్క్రూ గాడి మామూలు ప్లస్ డ్రైవరుకు సరిగ్గా సరిపడదు. డ్రైవరు అడుగుకంటా కూర్చోదు, తిప్పగానే పైకి లేచి గాడిని చెక్కేస్తుంది. జపాన్ కొలత మొన ఉన్న డ్రైవరు, లేదా సుత్తి దెబ్బను తిరుగుడుగా మార్చే ఇంపాక్ట్ డ్రైవరు, ఈ రెంటిలో ఒకటి ఇంట్లో ఉండాలి.

పట్టేసిన బోల్టు మీద మనవాళ్లు పోసేవి చాలా ఉన్నాయి. కిరసనాయిలు, డీజిలు, పాత ఇంజనాయిలు, బ్రేక్ ఆయిల్, డబ్ల్యూడీ-40. బ్రేక్ ఆయిల్ రంగును లేపేస్తుంది, దాన్ని పక్కన పెట్టండి. డబ్ల్యూడీ-40 1953లో అమెరికాలో పుట్టింది నీటిని తరమడానికి. తడిని తోసేయడంలో అది మంచిదే, లోతైన తుప్పులోకి దిగడానికి దానికంటే పని కోసమే చేసిన తుప్పు నూనెలు మెరుగు. డీజిలు కూడా చాలాసార్లు పనిచేస్తుంది, ఓపిక ఉంటే. ఓపికే అసలు మందు. సాయంత్రం బ్రష్షుతో మట్టి గీకి, నూనె వేసి, తల మీద చిన్న సుత్తితో నిటారుగా కొన్ని దెబ్బలు వేసి వదిలేయాలి. పొద్దున్న మళ్లీ అదే. రెండు మూడు రోజులు ఇలా చేశాక తిప్పే బోల్టుకూ, నూనె పోసి పది నిమిషాలకే తిప్పే బోల్టుకూ చాలా తేడా ఉంటుంది. మెకానిక్ షెడ్డులో ఈ పద్ధతి కుదరదు, అక్కడ వెనకాల మూడు బళ్లు ఎదురుచూస్తుంటాయి. ఇంట్లో చేసుకునేవాడికి ఉన్న గొప్ప సౌకర్యం కాలమే, దాన్ని వాడుకోకపోవడం విచారకరం.

సుత్తి నిటారు దెబ్బ వల్ల మరల మధ్య తుప్పు పగులుతుంది, ఆ పగుళ్లలోకి నూనె దిగుతుంది. తిప్పేటప్పుడు మొదట కొంచెం బిగించే వైపు కదిలించి తర్వాత వదులు చేసే వైపు తిప్పడమూ ఇందుకే. కదిలాక ఒక్కసారిగా లాగేయకూడదు. పావు చుట్టు వెనక్కి, కొంచెం ముందుకు, నూనె, మళ్లీ వెనక్కి. పొడి బయటికి వస్తుంటే దారి సరిగ్గా ఉన్నట్టు.

వేడి అన్నిటికంటే బలమైన సాయం, అన్నిటికంటే ప్రమాదమైనది కూడా. వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెండింతలు సాగుతుంది. ఒక డిగ్రీకి అది దశలక్షలో 23 వంతులైతే ఉక్కు 12. అందువల్ల ఉక్కు బోల్టు అల్యూమినియంలో ఉంటే బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయాలి. అది తెరుచుకుంటుంది. ఇంజనును కాసేపు నడిపి, చెయ్యి కాలనంత వేడిలో కవరు బోల్టులు ప్రయత్నించడం ఇంట్లో చేయదగిన పని. సైలెన్సర్ నట్టు లాంటి చోట, ఉక్కు మీద ఉక్కు ఉంటే, నట్టును మాత్రమే వేడి చేసి, వెంటనే కొవ్వొత్తి ముక్క తాకిస్తే మైనం కరిగి మరల్లోకి పాకుతుంది. కార్బొరేటరు, ట్యాంకు, నూనె పోసిన గుడ్డ దగ్గరలో ఉండగా మంట వాడకూడదు. తుప్పు నూనె అంటుకుంటుంది. ట్యాంకు తీసి ఇంకో గదిలో పెట్టి, ఆరుబయట, బకెట్టుతో ఇసుక పక్కన పెట్టుకుని తప్ప మంట జోలికి వెళ్లవద్దు. స్పార్క్ ప్లగ్‌కు పై నియమం వర్తించదు. దాన్ని ఇంజను చల్లారాకే విప్పాలి, వేడి మీద ఉన్న అల్యూమినియం మరలు మెత్తబడి ప్లగ్‌తో పాటే చిరిగి వస్తాయి.

ఎంత జాగ్రత్తపడ్డా కొన్ని బోల్టులు తెగుతాయి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు కంపెనీలు సాధారణంగా చెప్పే బిగువు సుమారు 10 న్యూటన్ మీటర్లు. 15 సెంటీమీటర్ల స్పానర్ చివర 7 కిలోల బరువు పెడితే వచ్చే బలం అది. దానికి రెండింతలంటే 14 కిలోలు. పెద్దవాళ్లెవరైనా ఒక్క చేత్తో పెట్టగల బలం అది, అంత పెడితే ఆ బోల్టు తెగుతుంది, లేదా అల్యూమినియం మర ఊడి వస్తుంది. అందుకే స్పానర్‌కు గొట్టం తొడిగి లాగడం చిన్న బోల్టుల విషయంలో ఎప్పుడూ తప్పే. తెగాక మొండి పైకి ఉంటే దాని మీద నట్టు పెట్టి లోపల వెల్డింగు నింపి తిప్పడం మంచి పద్ధతి. వెల్డింగ్ వేడి కూడా సాయపడుతుంది. అంతకు ముందు బ్యాటరీ తీగలు ఊడదీయాలి. మొండి లోపలే ఉండిపోతే లేత్ షాపుకు పంపించండి. ఇంట్లో ఎక్స్‌ట్రాక్టరు దూర్చి తిప్పితే అది తెగి లోపల ఉండిపోయే ప్రమాదం ఉంది. దాని ఉక్కు చాలా గట్టిది, మామూలు డ్రిల్లు దాన్ని కొయ్యదు. 6 మిల్లీమీటర్ల మర కోయడానికి 5 మిల్లీమీటర్ల డ్రిల్లు, 8 మిల్లీమీటర్లకు 6.8. లేత్ మేస్త్రికి ఇది వెన్నతో పెట్టిన విద్య. మర పూర్తిగా పోతే హెలికాయిల్ చుట్ట వేయించుకోవచ్చు. అది కొత్త మర కంటే బలహీనమేమీ కాదు, అల్యూమినియంలో బలం ఎక్కువే.

తెగిన బోల్టులు, అరిగిన నట్లు, పాత చైన్లు చివరికి తుక్కులోకి పోతాయి. తెనాలిలో వాటికి ఇంకో గతి కూడా ఉంది. అక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర ఇలాంటి ఇనుప తుక్కుతోనే బొమ్మలు చేస్తారు. సుమారు 75,000 నట్లతో 10 అడుగుల గాంధీ, 2 టన్నుల తుక్కుతో 14 అడుగుల మోదీ విగ్రహం వాళ్ల చేతుల మీదుగా వచ్చినవే. తుప్పు పట్టిన నట్టును పారేసే వస్తువుగా చూడడం నాకు అలవాటుగా ఉండేది. వాళ్ల పని ఆ అలవాటును మార్చింది.

ఇప్పటిదాకా చూసిన పద్ధతులన్నీ తలుచుకుంటే ఒక సంగతి నాకు గట్టిగా కనిపిస్తుంది. బోల్టు ఎలా వస్తుందన్నది విప్పే రోజున తేలదు, బిగించిన రోజునే తేలిపోతుంది. దీన్ని మన ప్రాంతపు వీధి సర్వీసింగూ పట్టించుకోదు, కంపెనీ సర్వీసింగూ చాలాసార్లు పట్టించుకోదు. తుడవకుండా, పొడిగా, గట్టిగా బిగించి పంపేస్తారు. వాటర్ వాష్ తుపాకీతో అధిక ఒత్తిడి నీళ్లు సందుల్లోకి కొట్టి ఆరకముందే బండిని అప్పగిస్తారు. ఇంట్లో చేసుకునేవాడు ఇక్కడే ముందుంటాడు. బోల్టు తీసిన ప్రతిసారీ మరలను తీగ బ్రష్షుతో తుడిచి, కొంచెం గ్రీజు, సైలెన్సరు దగ్గరైతే వేడికి తట్టుకునే యాంటీ సీజ్ పేస్టు పూసి పెడితే ఆ బోల్టు తర్వాతిసారి వేళ్ల మధ్య తిరుగుతుంది. డెల్టా బండికి ఇంతకంటే గొప్ప సేవ లేదు.

అయితే ఒక జాగ్రత్త. మనం స్పానర్ మీద పెట్టే బలంలో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది, బోల్టును సాగదీసి పట్టు ఇచ్చేది చిన్న భాగమే. గ్రీజు పూస్తే రాపిడి తగ్గి, అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది. కాబట్టి నూనె, గ్రీజు తగిలిన మరను పుస్తకంలోని పొడి మర బిగువు కంటే కొంచెం తక్కువకు బిగించాలి. బ్రేకు, చక్రం బోల్టులకు పుస్తకం ఏం చెబితే అంతే, సొంత తెలివి వద్దు.

బిగువును కొలిచే టార్క్ రెంచ్ ఇరుకులో దూరకపోతే? తిన్నని ఎక్స్‌టెన్షన్ రాడ్ ఎంత పొడవున్నా కొలత మారదు. ముందుకు పొడుచుకొచ్చే క్రోఫుట్ తల తొడిగితే మాత్రం పొడవు పెరిగి కొలత మారుతుంది. దాన్ని కాడకు అడ్డంగా, 90 డిగ్రీలకు పెడితే తేడా లేదు. తిన్నగా ముందుకే పెట్టాల్సి వస్తే, 30 సెంటీమీటర్ల రెంచ్‌కు 3 సెంటీమీటర్లు కలిసినప్పుడు 22 న్యూటన్ మీటర్లు కావాలంటే రెంచ్ మీద 20 పెట్టాలి. ఇరుకు మూల ఉన్న 8 మిల్లీమీటర్ల బోల్టు సరిగ్గా ఈ లెక్కకే వస్తుంది.

ఇంట్లో చేయకూడనివి కూడా చెప్పాలి. స్టీరింగ్ కోన్ నట్లు, డిస్క్ కాలిపర్, క్లచ్ లోపలి నట్లు, ఏబీఎస్ గొట్టాలు, ఇవి తెలిసినవాళ్ల చేతిలో ఉండాలి. ఇక్కడ సమస్య బోల్టు అందకపోవడం కాదు. తిరిగి బిగించడంలో చిన్న పొరపాటు జరిగినా దాని ఖరీదు మనిషి. సైలెన్సర్ సెన్సరు విప్పడానికి తీగకు దారి ఉన్న ప్రత్యేక సాకెట్టు కావాలి. అది లేకుండా మామూలు స్పానర్‌తో ముట్టకండి.

చివరగా, ఈ ప్రాంతపు బైకులన్నిటిలో అందరూ మరచిపోయే బోల్టు ఒకటుంది. వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ బోల్టు. ఫ్రేము ఆ చివర నుంచి ఈ చివరకు, ఒక ఇనుప గొట్టం గుండా వెళ్తుంది. ముంపు నీళ్లు, చెరువు గట్ల ఉప్పునీళ్లు ఆ గొట్టానికీ బోల్టుకీ మధ్య చేరి అక్కడే ఉంటాయి. ఏళ్లపాటు ఎవరూ ముట్టరు. బుష్‌లు మార్చాల్సిన రోజు వచ్చేసరికి బోల్టు, గొట్టం ఒకటైపోయి రంపంతో కోయడం తప్ప దారి ఉండదు. నైరుతి వానలకు ముందు ఒక ఆదివారం దీనికి కేటాయించండి. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రం కింద చెక్క పెట్టి, నట్టు తీసి, బోల్టును అదే మందం ఉన్న ఇంకో కడ్డీతో వెనకనుంచి తోయాలి. అప్పుడు బోల్టు బయటికి వస్తుంటే దాని చోటులోకి కడ్డీ వెళ్తుంది, ఆర్మ్ పక్కకు జరగదు. బోల్టును తుడిచి, గ్రీజు నిండుగా పూసి, ఈసారి దాంతోనే కడ్డీని వెనక్కి తోస్తూ పెట్టాలి. వెళ్లేటప్పుడు సుత్తి అవసరం రాకూడదు. వస్తే గొట్టం లోపల తుప్పు ఇంకా ఉన్నట్టే. మళ్లీ బయటికి లాగి, గుడ్డ చుట్టిన కడ్డీతో లోపలంతా శుభ్రం చేసి, అప్పుడు పెట్టి, పుస్తకం చెప్పిన బిగువుకు బిగించండి.